బీదరు దారిలో పాత స్కూటరు

మా మద్రసాకు శుక్రవారం సెలవు. 2023 డిసెంబరులో అటువంటి ఒక శుక్రవారం, ఫజ్ర్ నమాజు ముగించుకొని వచ్చి, సంగారెడ్డిలోని మా ఇంటి ముంగిట చేతక్ స్కూటరును ఎడమవైపునకు వంచి పట్టుకొని నిలబడ్డాము. అలా వంచి, మనసులో పది అంకెలు లెక్కపెట్టి, మళ్ళీ నిటారుగా నిలిపి ఒక్క తన్ను తంతే చాలు, స్టార్టవడం దాని అలవాటు. 26 ఏళ్ళుగా చలికాలపు ఉదయాలలో మేము చేస్తున్న పని ఇదే. ఆనాడు చేసింది చివరిసారి. బీదరులో దానిని మరొకరికి అప్పగించి రావాలన్నది మా ప్రయాణ సంకల్పం.

దాని రిజిస్ట్రేషను గడువు మరుసటి నెలతో ముగియనున్నది. పదిహేనేళ్ళు నిండిన తరువాత ఐదేళ్ళకొకసారి చొప్పున మూడుసార్లు పొడిగింపజేశాము. నాలుగవసారి చేయించవద్దని మోకాళ్ళు చెప్పాయి, వైద్యుడు చెప్పాడు, వెనుక వచ్చేవారి ముఖాన అది వదిలే నీలిపొగ కూడా చెప్పింది. మన సుఖం కోసం పొరుగువాని ఊపిరికి కష్టం కలిగించడం ఏపాటి ధర్మం?

మా శ్రీమతి రొట్టెలు, ఖీమా మూట కట్టి సీటు కింది కొక్కేనికి తగిలించింది. "అతనిని ధర అడగకండి. ఇచ్చింది తీసుకోండి" అని మాత్రం అన్నది. ఎందుకలా అన్నదో మాకు తెలుసు. పాఠకులకు ఆ సంగతి తరువాత విన్నవిస్తాము.

వాహనాన్ని ప్రేమించడం ఒక మద్రసా ఉపాధ్యాయునికి తగునా అని కొందరు మిత్రులు మమ్మల్ని ఆటపట్టిస్తూ వచ్చారు. దివ్య ఖుర్ఆన్‌లోని అన్‌నహ్ల్ సూరాలో గుర్రాలు, కంచరగాడిదలు, గాడిదల ప్రస్తావన వచ్చిన చోట స్వారీతోపాటు శోభ కూడా ప్రస్తావించబడిందని వారికి గుర్తు చేసేవారము. అవసరమూ, అందమూ ఒకే జీవిలో అమర్చి ఇచ్చిన ప్రభువు దాసుని సంతోషాన్ని తప్పుపడతాడా? అహంకారం తప్పు, దుబారా తప్పు. మంచి వాహనాన్ని తుడుచుకొని, దాని చప్పుడు విని సంతోషించడం తప్పు కాదని మా నమ్మకం.

1997లో ఆ చేతక్‌ను పదవీ విరమణ చేసిన ఒక బడిపంతులు గారి వద్ద కొన్నాము. వెల 11,000 రూపాయలు. వడ్డీ అప్పు జోలికి పోకుండా, మద్రసా జీతంలో నుండి మూడేళ్ళు కూడబెట్టిన సొమ్ము అది. బజాజ్ వారు 1972లో చేతక్‌ను మార్కెట్లోకి తెచ్చిన తరువాత చాలాకాలం దాని కోసం జనం ఏళ్ళ తరబడి వేచి ఉండవలసి వచ్చేది. డబ్బు కట్టి, పేరు వ్రాయించుకొని, పిల్ల పెళ్ళినాటికైనా బండి వస్తుందా అని ఎదురుచూసిన ఇళ్ళు మాకు తెలుసు. హైదరాబాదు ఆల్విన్ వారి పుష్పక్ స్కూటరు, మైసూరులో తయారైన జావా, యెజ్డీ మోటారుసైకిళ్ళు, మద్రాసులో తయారైన బుల్లెట్టు - ఈ పేర్లు మా బాల్యంలో గుర్రాల జాతుల పేర్లవలె వినబడేవి.

మోటారుసైకిలు నడిపే ఆనందం వేరు. మా బావమరిది బుల్లెట్టును కొన్నాళ్ళు నడిపాము. మోకాళ్ళ మధ్య ఇంధనపు తొట్టి, దాని కింద ఒకే ఒక్క పెద్ద సిలిండరు నిదానంగా కొట్టుకోవడం, మలుపులో శరీరమూ బండీ కలిసి ఒరగడం - అది నిజంగా స్వారీయే. పెద్ద చక్రాలు గుంతలను లెక్కచేయవు. అయితే కుటుంబీకునికి స్కూటరు చేసే మేలు మరొకటి. చేతక్‌లో ఇంజను వెనుక చక్రాన్ని నేరుగా గేర్లతోనే తిప్పుతుంది, గొలుసు లేదు. ఇనుప రేకుల డొప్పలు చక్రాన్నీ, ఇంజనునూ కప్పి ఉంచుతాయి. బురఖా అంచు, చీర కుచ్చెళ్ళు గొలుసులో చిక్కుకుంటాయన్న భయం తక్కువ. ముందు నిలబడడానికి ఒక పిల్లవాడికి చోటు, కాళ్ళ దగ్గర బియ్యం సంచికి చోటు. టైరులో గాలి పోతే కారు చక్రంలా నట్లు విప్పి, వెనుక మోసుకుపోయే స్టెప్నీని బిగించుకోవచ్చు. 1999లో వాన కురుస్తున్న ఒక అర్ధరాత్రి, నొప్పులు పడుతున్న మా శ్రీమతిని ఈ స్కూటరు మీదనే ఆసుపత్రికి చేర్చాము. దారిలో పెట్రోలు అయిపోతే మీటను రిజర్వుకు తిప్పాము. తెల్లవారేసరికి మా అమ్మాయి పుట్టింది. ఆ మీటను ఎప్పుడు చూసినా మాకు ఆ రాత్రి గుర్తుకు వస్తుంది.

వాహనం ఎక్కేటప్పుడు చదివే దుఆ చదువుకొని బయలుదేరాము. మా పెద్దబ్బాయి తన కొత్త స్కూటరు మీద వెనుక వస్తున్నాడు. అది ఈ కాలపు పెద్ద స్కూటరు. ముందు వెడల్పాటి ఛాతీ, గాలిని చీల్చే అద్దం, కాళ్ళు ముందుకు చాపుకొనే వీలు, సీటు కింద పెద్ద అర. క్లచ్చు లేదు, గేర్లు లేవు. తిరిగి వచ్చేటప్పుడు మమ్మల్ని ఎక్కించుకొని రావడానికి వాడు సెలవు చూసుకొని హైదరాబాదు నుండి వచ్చాడు.

ఇద్దరి తలలకూ హెల్మెట్లు ఉన్నాయి. ఒకప్పుడు మేము టోపీ పెట్టుకొనే స్కూటరు నడిపేవారము. ఊళ్ళో తిరగడానికి హెల్మెట్టు ఎందుకనే వాదన మాదీ. మా సహోపాధ్యాయులొకరు తమ ఇంటికి అరకిలోమీటరు దూరంలో ఇసుక మీద జారి పడ్డారు. తలకు తగిలిన దెబ్బతో కంఠస్థమైన సూరాలు కొన్ని నెలలపాటు ఆయన నాలుకకు అందలేదు. ఆయన పక్కన కూర్చొని, మా విద్యార్థి ఒకడు ఆయనకే పాఠం అప్పగింపజేయడం చూసిన రోజున మా వాదన ముగిసింది. టోపీ జేబులో పెట్టుకోవచ్చు, మసీదు మెట్ల వద్ద తీసి ధరించవచ్చు.

సంగారెడ్డి నుండి బీదరు సుమారు 80 కిలోమీటర్లు. 65వ నంబరు జాతీయ రహదారి మీద సదాశివపేట దాటి జహీరాబాదు దాకా పోయి, అక్కడ రహదారిని వదలి కుడివైపునకు తిరగాలి. మేము గంటకు 45 కిలోమీటర్లు మించలేదు. కారులో ఇదే దారిన ఎన్నోసార్లు వెళ్ళాము. కారులో వెళ్ళేవాడు దారిని చూస్తాడు, స్కూటరు మీద వెళ్ళేవాడు దారిలో ఉంటాడు. చెరువు పక్కన పల్లానికి దిగగానే మోకాళ్ళకు చలి తగులుతుంది, మిట్ట ఎక్కగానే ఎండ వీపు నిమురుతుంది. సదాశివపేట దగ్గర టైర్ల కర్మాగారం, జహీరాబాదు దగ్గర ట్రాక్టర్ల కర్మాగారం. ఆ రెండింటి మధ్య కంది చేలు, జొన్న చేలు, చెరకు తోటలు. చెరకు బండి ముందు పోతుంటే దాని తీపి వాసన వెంట మనమూ పోతాము. మంచులో ఎదురైన ప్రతి లారీ వాని దీపాలను పలకరింపుగా తీసుకొని కొంచెం ఎడమకు జరిగేవారము.

పెట్రోలు బంకులో కుర్రవాడు టూటీ ఆయిలు అంటే ఏమిటని అడిగాడు. పాత రెండు స్ట్రోకుల ఇంజనుకు పెట్రోలులోనే ఆయిలు కలపాలని అతనికి తెలియదు. అతని వయసుకు ఆ అవసరం ఎన్నడూ వచ్చి ఉండదు. ఇంటి నుండి తెచ్చిన సీసాలోని ఆయిలు మేమే పోసుకున్నాము. చేయి కొంచెం ధారాళమైనది కాబోలు, జహీరాబాదు దాటి బీదరు దారి పట్టిన కొద్దిసేపటికి ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది.

అబ్బాయి వెంటనే సెల్‌ఫోను తీశాడు. "ఎవరినైనా పిలుద్దామా అబ్బా?" అన్నాడు. వద్దన్నాము. కుడివైపు డొప్ప విప్పి, రబ్బరు టోపీ లాగి, పానాతో ప్లగ్గు ఊడదీశాము. మసి నల్లగా, తడిగా పట్టి ఉన్నది. గరుకు కాగితంతో గీకి, మొన రుద్ది, ఊది, బిగించాము. మూడవ తన్నుకు ఇంజను పలికింది. వాడు రెప్పవేయకుండా చూస్తున్నాడు. "నా బండి ఆగిపోతే దాని లోపల ఏమున్నదో కూడా నాకు తెలియదు" అన్నాడు. వాని బండి అంత సులభంగా ఆగదనీ, అది కొత్త తరం చేసిన మేలేననీ చెప్పాము. అయినా చేతులకంటిన మసిని గుడ్డతో తుడుచుకుంటూ మనసులో చిన్నగా గర్వపడిన మాట నిజం. ఆ గర్వం ఎక్కువసేపు నిలువలేదు. ఆ ప్లగ్గు విప్పడం మాకు నేర్పింది ఎవరో గుర్తుకు వచ్చింది.

2003లో మా వద్ద హిఫ్జ్ తరగతిలో పదమూడేళ్ళ బాలుడు ఒకడు ఉండేవాడు. పాఠం మెల్లగా వచ్చేది. సైకిలు గంటలు, తాళాలు, గోడ గడియారం - దేనినైనా విప్పి చూస్తేగాని నిద్రపట్టని పిల్లవాడు. మా స్కూటరు మొరాయించినప్పుడు ప్లగ్గు ఎలా విప్పాలో మాకు చూపింది వాడే. ఒక తెల్లవారుజామున వచ్చి చూస్తే, ఆవరణలో మా స్కూటరు పక్కన దుప్పటి పరచి, దానిమీద ఇనుప సామాను వరుసగా పేర్చి, చేతుల నిండా జిడ్డుతో కూర్చొని ఉన్నాడు. స్కూటరును పాడుచేశాడనుకున్నాము. ఏమి చేస్తున్నావని అడుగలేదు. పిల్లలందరి ముందు నిలబెట్టి దూషించాము. వాని తండ్రిని పిలిపించి, ఈ పిల్లవానికి చదువు అబ్బదు అన్నాము. వాడు ఏడవలేదు. సామానునంతా తిరిగి బిగించి, చేతులు కడుక్కొని, తండ్రి వెంట వెళ్ళిపోయాడు. ఆ మరుసటి ఉదయం స్కూటరు ఒక్క తన్నుకే స్టార్టయింది. దానికి అంతకుముందు వారం రోజులుగా ఉన్న దగ్గు పోయింది.

మాకు అప్పుడే అర్థమైంది. అర్థమైన తరువాత కూడా మేము వారి ఊరికి వెళ్ళలేదు. ఉపాధ్యాయుడు శిష్యుని ఇంటికి క్షమాపణకు పోవడమేమిటని ఒక అడ్డుగోడ. మొదట అది గర్వం, తరువాత సిగ్గు, ఆ తరువాత అలవాటు. ఇరవై ఏళ్ళ తరువాత అతనే ఎవరి వద్దనో మా నంబరు సంపాదించి ఫోను చేశాడు. బీదరులో మోటారుసైకిళ్ళ మరమ్మతు దుకాణం పెట్టుకున్నాడట. "హజ్రత్, ఆ స్కూటరు ఇంకా ఉన్నదా? అమ్మేటప్పుడు నాకు ఒక మాట చెప్పండి" అన్నాడు. అంతే.

రాష్ట్ర సరిహద్దు దాటగానే పలకల మీద అక్షరాలు కన్నడంలోకి మారుతాయి, మట్టి మారదు. సన్నని రంధ్రాలతో నిండిన ఎర్రరాతి పీఠభూమి మీద బీదరు నిలిచి ఉన్నది. 1956 దాకా ఇది హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లాయే. అంగళ్ళలో ఉర్దూ, కన్నడం, మరాఠీ, తెలుగు ఒకే బేరంలో వినబడతాయి. ఈ కోట మట్టితోనే బిద్రీ పాత్రలకు ఆ నల్లని వన్నె వస్తుంది. ఆ నలుపులో వెండి తీగె మెరుస్తుంది.

జుమాకు ఇంకా సమయం ఉండడంతో ముందుగా మహమూద్ గవాన్ మద్రసాకు వెళ్ళాము. ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం నుండి వ్యాపారిగా వచ్చి, బహమనీ సుల్తానులకు మంత్రి అయిన గవాన్ 1472లో దీనిని కట్టించాడు. మూడంతస్తుల భవనం. ముందువైపు ఉండిన రెండు మీనారులలో ఒకటే మిగిలింది. తుపాకిమందు పేలుడుకు ఒక భాగం కూలిపోయింది. మిగిలిన గోడ మీద నీలం, పసుపు, తెలుపు పలకలు అక్కడక్కడా అంటిపెట్టుకొని ఉన్నాయి. విద్యార్థులకు గదులు, ఉపాధ్యాయులకు నివాసాలు, ఒక గ్రంథాలయం - ఇవన్నీ ఇక్కడ ఉండేవి. ఐదున్నర శతాబ్దాల క్రితం మావంటి ఉపాధ్యాయుడొకడు ఈ గదులలో ఒకదానిలో కూర్చొని, పాఠం రాని ఏ పిల్లవానిని ఏమన్నాడో!

గవాన్ అంతిమ ఘట్టం పాఠకులలో చాలామందికి తెలిసినదే. శత్రువులు ఆయన ముద్రతో దొంగ ఉత్తరం సృష్టించారు. మూడవ ముహమ్మద్ షా విచారణ చేయకుండానే 1481లో ఆయనను చంపించాడు. తరువాత నిజం తెలిసి సుల్తాను పశ్చాత్తాపపడ్డాడంటారు. తరగతిలో ఈ సంఘటనను ఎన్నోసార్లు చెప్పాము. చెప్పిన ప్రతిసారీ ఆ సుల్తానును తప్పుపట్టాము. ఆనాడు ఆ మీనారు నీడలో నిలబడినప్పుడు మాత్రం, దుప్పటి మీద పరచిన ఇనుప సామాను కళ్ళ ముందు మెదిలింది. అడుగకుండా తీర్పు చెప్పినవాడు సింహాసనం మీద ఉంటేనేమి, చాప మీద ఉంటేనేమి?

ఈ బీదరుకే రష్యా నుండి అఫనాసీ నికితిన్ అనే వర్తకుడు గవాన్ కాలంలోనే వచ్చాడు. అమ్మకానికి ఒక మగ గుర్రాన్ని ఓడలో తెచ్చాడు. జున్నరులో అక్కడి అధికారి దానిని లాక్కొని, తరువాత తిరిగి ఇచ్చాడు. చివరికి బీదరులోనే దానిని అమ్మానని నికితిన్ తన ప్రయాణ కథనంలో వ్రాసుకున్నాడు. వాహనాన్ని అమ్ముకోవడానికి దూరం నుండి ఈ ఊరికి వచ్చినవారిలో మేము మొదటివారము కాదన్నమాట. అబ్బాయికి ఇది చెబితే, "ఆయన గుర్రానికి టూటీ ఆయిలు కలపనక్కరలేదు కదా అబ్బా" అని నవ్వాడు.

జుమా నమాజు తరువాత అతని దుకాణానికి వెళ్ళాము. విప్పిన ఇంజన్లు, వేలాడుతున్న గొలుసులు, ఆయిలు పీల్చి నల్లబడిన నేల. నలుగురు కుర్రవాళ్ళు పని చేస్తున్నారు. "ఉస్తాద్, ఎవరో వచ్చారు" అని ఒకడు లోపలికి కేక వేశాడు. మన ప్రాంతాలలో మెకానిక్కును ఉస్తాద్ అనే పిలుస్తారు. మాకు తెలియని సంగతి కాదు. అయినా ఆ పిలుపుకు అతను బయటికి రావడం చూసినప్పుడు మా నోట మాట రాలేదు. సలాం చెప్పి, జిడ్డు చేతులు వెనక్కి పెట్టుకొని నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళ క్రితం నిలబడినట్టే. ఆ చేతులను మేమే పట్టుకొని ముందుకు లాగాము.

ఆ కుర్రవాళ్ళ ముందే చెప్పాలని దారి పొడవునా అనుకుంటూ వచ్చాము. ఆనాడు అందరి ముందు దూషించాము గనుక, మన్నింపు కూడా పదిమంది ముందే అడగడం న్యాయం. "ఆ రోజు నిన్ను అడుగకుండానే తప్పుపట్టాము. నీవు స్కూటరును బాగుచేశావని మరునాడే తెలిసింది. ఇన్నేళ్ళూ వచ్చి చెప్పలేదు. క్షమించు" అన్నాము. దుకాణంలో సుత్తి చప్పుడు ఆగిపోయింది. అతను తల వంచుకొని కొంతసేపు ఊరుకున్నాడు.

"హజ్రత్, ఆ రోజు తొందరలో బిగించినప్పుడు ఒక వాషరు మిగిలిపోయింది. ఎక్కడిదో తెలియలేదు. భయంతో జేబులో వేసుకొని వెళ్ళిపోయాను. బండి నడుస్తున్నదో లేదో అని చాలా రోజులు నిద్రపట్టలేదు" అన్నాడు.

అతని నుండి మేము ఎదురుచూసిన మాటలు వేరు. నిందను భరించడానికి సిద్ధపడి వచ్చాము. ఇన్నేళ్ళూ అతను మోసిన బరువు ఆ వాషరని తెలిసి ఏమనాలో తోచలేదు.

ఆ స్కూటరును అతను రోడ్డు మీద నడపడట. కొత్త బండ్లలో అంతా మూసి ఉంటుంది, పనికి వచ్చిన పిల్లలకు ఇంజను అంటే ఏమిటో చూపడానికి ఇటువంటిది కావాలన్నాడు. ఉచితంగా ఇస్తామంటే ఒప్పుకోలేదు. ధర మేము చెప్పలేదు. అతను ఇచ్చిన మొత్తాన్ని లెక్కపెట్టకుండా తీసుకున్నాము. రవాణా కార్యాలయపు నిరభ్యంతర పత్రం, బదిలీ ఫారాలు అప్పగించి, ఇద్దరు సాక్షుల ఎదుట కాగితం వ్రాసుకున్నాము. ఇంటి నుండి తెచ్చిన రొట్టెలు, ఖీమా అందరమూ కలిసి ఆ నేల మీదనే కూర్చొని తిన్నాము.

అస్ర్ వేళకు మా తండ్రీకొడుకుల మధ్య ఒక ధర్మసందేహం తలెత్తింది. దూరం దాదాపు హద్దు మీద ఉన్నది. ప్రయాణికుల నమాజు చేయాలా, పూర్తి నమాజు చేయాలా? స్థానిక ఇమాము వెనుక నిలబడితే పూర్తి నమాజే గనుక, మసీదుకు వెళ్ళి ఆ చర్చను అక్కడితో ముగించాము.

తిరుగు ప్రయాణంలో అబ్బాయి వెనుక కూర్చున్నాము. జహీరాబాదు చేరాక వాడే బండి ఆపి, "మీరు నడపండి అబ్బా" అన్నాడు. మా ఎడమచేయి ఎంతసేపూ క్లచ్చునే వెదికింది, మణికట్టు లేని గేరును తిప్పబోయింది. ఎడమచేతి పిడి క్లచ్చు కాదు, బ్రేకు! ఒకసారి అలవాటుగా నొక్కి ఇద్దరమూ ముందుకు తూలాము. అదృష్టవశాత్తు వేగం తక్కువ, వెనుక ఎవరూ లేరు. రెండు చక్రాలకూ బ్రేకు కలిసి పడే ఏర్పాటు ఉండడం వలన బండి జారకుండా నిలిచిందని వాడు వివరించాడు. కొంతదూరం పోయాక చేతులు కుదురుకున్నాయి. కాళ్ళు చాపుకొని, ఛాతీకి గాలి తగలకుండా, పొగ వాసన లేకుండా, నీళ్ళ మీద పడవలా సాగిపోవడం కూడా ఆనందమేనని ఒప్పుకోవలసి వచ్చింది. ముందు ఎర్రగా సూర్యుడు లేడు, వీపు వెనుక ఉన్నాడు. మా ఇద్దరి నీడ రోడ్డు మీద ముందుగా పోతున్నది.

మగ్రిబ్‌కు సదాశివపేటలో ఆగి, ఇషాకు ఇల్లు చేరాము. స్కూటరు నిలిపే చోట నేల మీద ఆయిలు మరక మాత్రం మిగిలి ఉన్నది. మా శ్రీమతి దానివంక ఒకసారి చూసి, "ఏమన్నాడు?" అని అడిగింది. వాషరు సంగతి చెప్పాము.

రెండు వారాల తరువాత అతను ఫోను చేశాడు. స్కూటరును పూర్తిగా విప్పాడట. ఆ వాషరు కార్బురేటరు దగ్గరిదట. అది లేకుండానే ఇరవై ఏళ్ళు ఎలా నడిచిందో తన కుర్రవాళ్ళకు అర్థం కావడం లేదట. "ఇప్పుడు దాని చోట దానిని పెట్టేశాను హజ్రత్" అన్నాడు.